ఊరికే పని చేసిన నేరం

బడ్జెట్ కుదరక సర్కారుని మూసిపెట్టిన షట్‌డౌన్ మొదలై ముప్ఫై రోజులైంది. స్వాన్ రిడ్జ్ జాతీయ పార్కులో జీతం ఎవరికి వస్తోందో, ఎవరికి రావడం లేదో కొండ కింద హాల్వర్ ఊళ్ళో ఎవర్ని ఆపి అడిగినా వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతారు. తుపాకీ పెట్టుకున్న రేంజర్లకి వస్తోంది. వాళ్ళ కోసం వాషింగ్టన్‌లో ఎవరో పనిగట్టుకుని ఒక పద్దు వెతికిపెట్టారు. తాత్కాలిక సూపరింటెండెంట్ కర్టిస్ మాబ్రీకి వస్తోంది, ఆయన పైవాళ్ళు తెచ్చి కూర్చోబెట్టిన మనిషి కాబట్టి. ట్రేస్ హార్డిన్‌కి కూడా వస్తోంది. అతని ఉద్యోగం పేరు 'సందర్శకుల సంబంధాల ప్రత్యేక సహాయకుడు'. పార్కు గేటుకి తాళం వేసి నెల కావస్తోంది, లోపల మచ్చుకి ఒక్క సందర్శకుడు లేడు, అయినా సంబంధాలు మాత్రం దివ్యంగా నడుస్తున్నాయి. అతని తండ్రి సెనేటర్ గార్విన్ లోవెల్‌కి ఎన్నికల చందాలు పోగేసే మనిషి. ఇంతకన్నా విడమరిచి చెప్పాలా?

రానిది ఎవరికయ్యా అంటే, మంచు తోసేవాళ్ళకి, పైపులు వేసేవాళ్ళకి, మరుగుదొడ్లు కడిగేవాళ్ళకి. వెర్నా టోలెఫ్సన్‌కి కూడా రావడం లేదు. ఆమె పార్కు నీళ్ళ ఆపరేటర్. కొండ మీద ఊట దగ్గర్నుంచి లాడ్జి వంటగది కుళాయి దాకా ఏ నీటిబొట్టు తాగడానికి పనికొస్తుందో, ఏది పనికిరాదో తేల్చి సంతకం పెట్టడం ఆమె పని. ఇరవయ్యారేళ్ళుగా అదే పని. ఇంకో పద్నాలుగు నెలలు పూర్తయితే పూర్తి పెన్షన్. మొగుడు పోయి ఏడేళ్ళైన మనిషికి ఆ పెన్షన్ తప్ప వేరే ఆధారం లేదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు, మాబ్రీకీ తెలుసు.

అక్టోబరు ఒకటో తారీఖున అందరితో పాటు ఆమెకీ ఒక ఉత్తరం వచ్చింది. నేటి నుంచి మీరు పని చేయరాదు అని. జీతం లేదు కాబట్టి చేయొద్దు అనడం కాదు, ఊరికే కూడా చేయరాదు, ఆఫీసు ఫోను ఎత్తినా, మెయిలు తెరిచినా శిక్షార్హమే అని. సర్కారు ఎవరి దగ్గరా ఉచితంగా చాకిరీ పుచ్చుకోకూడదని ఎప్పటిదో ఒక పాత చట్టం ఉందట. అదే సర్కారు ఇంకోపక్క విమానాశ్రయాల్లో జనాన్ని తనిఖీ చేసేవాళ్ళచేత పైసా ఇవ్వకుండా రోజూ డ్యూటీ చేయిస్తోంది. వాళ్ళు అత్యవసరమట. వాళ్ళు మానేస్తే నేరం, వీళ్ళు చేస్తే నేరం. ఈ తెలివి ఎవరిదోగాని వాడికి జీతం ఆగి ఉండదు.

ఉత్తరం పుచ్చుకున్న రోజే వెర్నా మాబ్రీ గదికి వెళ్ళి మొత్తుకుంది.

"లాడ్జి నీళ్ళ పైపు లైను ఇంకా నిండుగా ఉంది సార్. ఏటా మొదటి వారంలో ఖాళీ చేసి గాలి కొట్టి వదిలేస్తాం. ఆదివారం రాత్రికి గడ్డకట్టే చలి అంటున్నారు. మైలున్నర పైపు ముక్కలైపోతుంది. రెండు గంటలు చాలు నాకు, డబ్బులొద్దు."

"మీకు ఉత్తరం చదవడం రాదా, మిసెస్ టోలెఫ్సన్?" అన్నాడు మాబ్రీ తల ఎత్తకుండానే. "డబ్బులొద్దు అనడమే ఇక్కడ నేరం."

ఆదివారం మధ్యాహ్నం ఊరు ఊరంతా టీవీల ముందు ఫుట్‌బాల్ ఆటకి అతుక్కుపోయి ఉన్న వేళ, వెర్నా డ్వేన్ పికెట్‌ని వెంటబెట్టుకుని వెనక దారిన కొండెక్కింది. డ్వేన్ ఆమె కింద పైపుల పని చేసేవాడు. ముప్ఫై రెండేళ్ళవాడు, ఎద్దులాంటి మనిషి, నోటికి అదుపు లేదుగాని చేతికి పని వచ్చు. అతని సొంత ట్రక్కు మీద అతని సొంత కంప్రెసర్ ఎక్కించి తీసుకెళ్ళారు. వాల్వులన్నీ తెరిచి, నీళ్ళు వాగులోకి వదిలి, గాలి కొట్టి, ఆఖరి కుళాయి బుస్సుమనేదాకా ఉండి దిగొచ్చారు. ఆ రాత్రి పడ్డ చలికి ఊళ్ళో రెండిళ్ళ పైపులు పగిలాయి. లాడ్జి లైను మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇద్దరం దొంగలమయ్యాం బాస్," అని దిగేటప్పుడు డ్వేన్ పగలబడి నవ్వాడు. "సర్కారుకి దోచిపెట్టిన దొంగలం!"

ఆ మాట ఇద్దరి మధ్యే ఉండాలనుకున్నారు.

ఇక ముప్ఫయ్యో రోజు, గురువారం పొద్దున, మాబ్రీ నుంచి వెర్నాకి ఫోను వచ్చింది. వెంటనే రమ్మని. ఆమె పొయ్యి కట్టెలు కొట్టి అమ్ముకుంటూ ఉంది అప్పటికి. గొడ్డలి అక్కడే పడేసి వెళ్ళింది. జీతాలేమైనా వదులుతున్నారేమోనని ఒక ఆశ, చెప్పొద్దూ.

మాబ్రీ గదిలో హీటర్ బాగానే పనిచేస్తోంది. మూలన కుర్చీలో ట్రేస్ హార్డిన్ కాళ్ళు చాపుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"శుభవార్త," అన్నాడు మాబ్రీ. "రేపు మధ్యాహ్నం నుంచి ఆదివారం దాకా లాడ్జి తెరుస్తున్నాం. సెనేటర్ గారు నలభై మందితో వస్తున్నారు. అడవుల సంరక్షణ మీద అభిప్రాయ సేకరణ సమావేశం."

ఎల్క్ దుప్పుల వేట మొదలై అయిదు రోజులైంది. పార్కు హద్దు దాటి వంద గజాలు నడిస్తే ఎక్కడంటే అక్కడ తుపాకీ పేల్చుకోవచ్చు. ఆ నలభై మంది సేకరించబోయే అభిప్రాయాలకి కొమ్ములుంటాయని వెర్నాకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"పార్కు మూసి ఉంది కదా సార్?"

"ప్రజలకి మూసి ఉంది," అన్నాడు ట్రేస్ ఫోన్లోంచి కళ్ళు తిప్పకుండా.

"మీరు ఇవాళ లైను నింపి కాగితం మీద సంతకం పెట్టాలి," అన్నాడు మాబ్రీ. "మిమ్మల్ని విధుల్లోకి పిలుస్తున్నాను. సందర్శకుల రుసుము నిధిలోంచి జీతం. ఇంకో ఇద్దర్ని మీరే ఎంచుకోండి. చూశారా, మీరు అనుకున్నంత దుర్మార్గుణ్ణి కాను."

"నింపుతాను. సాయంత్రానికి నింపి, క్లోరిన్ వేసి, రేపు పొద్దున్న కడిగి వదులుతాను. అప్పుడొక నమూనా, మర్నాడొక నమూనా తీసి తొంభై మైళ్ళ అవతల ల్యాబ్‌కి పంపాలి. అది తేలడానికి ఒక రోజు. ఆదివారం సాయంత్రానికి తాగొచ్చో లేదో చెబుతాను."

"ఆదివారం వాళ్ళు వెళ్ళిపోతారు."

"అయితే సీసాల నీళ్ళు పెట్టుకోమనండి. కుళాయిల మీద 'తాగరాదు' అని నేనే బోర్డులు రాసి తగిలిస్తాను."

"సెనేటర్ గారి అతిథుల మొహాన బోర్డులా?" మాబ్రీ ఒక కాగితం ఆమె వైపు జరిపాడు. రాష్ట్ర నీటి విభాగానికి పంపే కాగితం అది. లైను శుభ్రంగా ఉందనీ, ఫలానా తేదీల్లో నమూనాలు తీశాననీ ఆపరేటర్ సంతకం చేస్తే చాలు, ల్యాబ్ ఫలితం వచ్చే నెలాఖరులోగా జత చేసుకోవచ్చు. ఆపరేటర్ అనేవాడు అబద్ధం రాయడని నమ్మి పెట్టుకున్న పద్ధతి. "ఇక్కడ మొన్న మంగళవారం అని రాయండి. ఇక్కడ బుధవారం. అయిపోయింది."

వెర్నాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మంగళవారం నేను మా ఇంట్లో ఉన్నాను. పార్కులో అడుగుపెడితే నేరమని మీరే ఉత్తరం ఇచ్చారు. మంగళవారం నీళ్ళు పట్టానని ఇప్పుడు నేనే రాసిస్తే, నేరం చేశానని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు."

ట్రేస్ ఫోను దించాడు. తర్వాత మాబ్రీ చిన్నగా నవ్వాడు.

"దానిదేముంది? మీ పిలుపు ఉత్తరం మీద సోమవారం తేదీ వేస్తాను."

"ఓహో! చట్టం అంత సాగుతుందని నాకు ఒకటో తారీఖున చెప్పలేదేం మరి? ఆ ఊట పైన కంచరగాడిదలు మేసే మైదానం ఉంది. వేసవంతా వాటి పేడ ఆ వాలు మీదే. లైను నెల రోజులు ఎండి ఉంది. అందులో ఏముందో చూడకుండా బాగుందని నేను రాయను. మంగళవారం అని అసలే రాయను."

మాబ్రీ నవ్వు తీసేసి కుర్చీలో వెనక్కి వాలాడు. "లైను ఎండి ఉంది అన్నారు. బాగుంది. ఒకటో తారీఖున నిండుగా ఉందని మొత్తుకున్నది మీరే. మరి ఎండబెట్టిందెవరు?"

వెర్నా కాగితాన్ని తిరిగి ఆయన వైపు నెట్టింది.

"నిన్న ట్రేస్ వెళ్ళి వాల్వు తిప్పి చూశాడు. చుక్క లేదు. మీరు ఊరికే పని చేశారు, మిసెస్ టోలెఫ్సన్."

"చేయకపోతే ఇవాళ మీ సెనేటర్‌కి పగిలిన గొట్టాలు చూపించుకునేవాళ్ళు!"

"పగిలి ఉంటే అది చలి చేసిన పని. ఖాళీ చేస్తే అది మీరు చేసిన పని. చలి మీద నేను విచారణ వేయలేను." కాగితం మీద వేలు పెట్టాడు. "సాయంత్రం నాలుగు దాకా టైమిస్తున్నాను. సంతకం పెడితే అక్టోబరు ముచ్చట మర్చిపోతాను. పెట్టకపోతే, పద్నాలుగు నెలలే కదా మీకు మిగిలింది? పాపం."

"ఆ పాపం నీ దగ్గరే ఉంచుకో, కర్టిస్," అని లేచింది. ఆయన్ని సార్ అనకపోవడం అదే మొదటిసారి. ట్రేస్ ఈల వేశాడు. ఆ ఈల వినగానే వెనక్కి తిరిగి వాడి చెంప ఛెళ్ళుమనిపించాలన్నంత కోపం వచ్చింది ఆమెకి. కానీ తలుపు ధడాలున వేసి బయటపడింది.

లూథరన్ చర్చి హాల్లో జీతాలు ఆగినవాళ్ళకి మధ్యాహ్నం భోజనం పెడుతున్నారు. మాంసం, బీన్స్ వేసి వండిన వేడి వేడి చిల్లీ, పక్కన దాల్చినచెక్క రోల్. ఆ రెండూ కలిపి తినడం అక్కడివాళ్ళకి బడిపిల్లలప్పటి నుంచీ అలవాటు. వెర్నా లోపల అడుగుపెట్టేసరికి హాలంతా గప్‌చుప్ అయిపోయింది. మాట ఆమెకన్నా ముందే వచ్చి కూర్చున్నట్టుంది.

లాడ్జి తెరిస్తే వంటకి, గదులు ఊడ్చడానికి, గిన్నెలకి పన్నెండు మందికి మూడు రోజుల పని. వాళ్ళు కాంట్రాక్టరు మనుషులు. షట్‌డౌన్ ఎత్తేశాక సర్కారు ఉద్యోగులకి పాత జీతం మొత్తం చేతికొస్తుంది, ఈ పన్నెండు మందికి మాత్రం పోయిన రోజులు పోయినట్టే. వాళ్ళలో మార్లిస్ అనే వంటమనిషి చిల్లీ గిన్నె పట్టుకుని వెర్నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏం వెర్నా, సంతకం పెట్టనన్నావటగా? ఆ కుళాయి నీళ్ళతో ఎవరికైనా బాప్తిస్మం ఇస్తున్నావా ఏంటి?"

"తాగేది నువ్వే మార్లిస్. నీకోసమే చెబుతున్నా."

"నాకోసం నువ్వేం ఏడవక్కర్లేదు. నెల్రోజులైంది నాకు పైసా కళ్ళపడక. నీకైతే రేపోమాపో అంతా తిరిగొస్తుంది. నీతులు చెప్పడానికి కూడా వెనక కాస్త ఉండాలి తల్లీ."

ఆ మాట నిజం కాబట్టి వెర్నాకి ఇంకా మండింది. తినకుండానే వెళ్ళిపోయింది.

అక్కణ్ణించి తిన్నగా డ్వేన్ ఇంటికి వెళ్ళింది. అతన్ని హెచ్చరించాలని. అతను షెడ్డులో, కొక్కేనికి వేలాడదీసిన ఎల్క్ తొడ కోస్తున్నాడు. అతని భార్య షేలీన్ ఏడో నెల కడుపుతో గుమ్మంలోకి వచ్చి, వెర్నాని చూసి పలకరించకుండా లోపలికి పోయింది.

"ట్రేస్ ఫోన్ చేశాడు," అన్నాడు డ్వేన్ కత్తి ఆపకుండా. "మొత్తం చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

"నువ్వు సంతకం పెడితే నన్నూ పనిలోకి పిలుస్తామన్నాడు. పెట్టకపోతే నా లైసెన్సు కూడా చెల్లుతుందన్నాడు."

డ్వేన్‌కి ఆపరేటర్ లైసెన్సు ఉంది, వెర్నా కన్నా ఒక మెట్టు కింద. మూడేళ్ళ కిందట ఆమే కూర్చోబెట్టి చదివించింది. పరీక్ష రోజున తన కారులో తీసుకెళ్ళింది. మొదటిసారి తప్పితే బూతులు తిట్టి రెండోసారి రాయించింది.

"వాడికి నువ్వేమన్నావ్?"

"ఏమంటాను బాస్? పెట్టేయ్ నువ్వే. వాళ్ళేమైనా నీళ్ళు తాగే జాతా? విస్కీ తాగుతారు, ఎల్క్‌ని కాల్చి ఫోటోలు దిగుతారు, పోతారు."

"వంటింట్లోవాళ్ళు? గదులూడ్చేవాళ్ళు? వాళ్ళు విస్కీ తాగుతారా?"

"వాళ్ళే పని కావాలని ఏడుస్తుంటే మధ్యలో నీకెందుకంట!" కత్తి బల్ల మీద పడేశాడు. "ఇల్లు, ట్రక్కు, ఆసుపత్రి, అన్నీ నోళ్ళు తెరుచుకుని కూచున్నాయి. ఈ మాంసం తప్ప ఇంట్లో తినడానికి లేదు. నీకేం, ఒంటి మనిషివి. పొగరు మాత్రం పార్కంత ఉంది."

"నోరు అదుపులో పెట్టుకో డ్వేన్."

"నువ్వు పెట్టకపోతే నేను పెడతా. ముందే చెబుతున్నా."

"పెట్టు! పెట్టి చూడు! నీకు నేర్పింది ఇందుకేనా? నీకు అక్షరం ముక్క రాకపోయినా చేతిలో నిజాయితీ ఉందనుకున్నా. వాళ్ళు ఎంగిలి మెతుకు విదిలిస్తే ఎగబడుతున్నావ్, సిగ్గులేదూ?"

"సిగ్గు తిని బతకమంటావా?" అని అరిచాడు డ్వేన్. మొహం ఎర్రగా కందిపోయింది. "పో ఇక్కణ్ణించి. పో!"

వెర్నా వెళ్ళిపోయింది. నాలుగు గంటలైంది, దాటింది. ఆమె మాబ్రీ దగ్గరికి పోలేదు.

మర్నాడు పొద్దున పార్కు గేటు తెరుచుకుంది. డ్వేన్ సర్కారు ట్రక్కు నడుపుకుంటూ వెళ్ళడం ఊళ్ళో అందరూ చూశారు. వెర్నా రాష్ట్ర నీటి విభాగానికి ఫోను చేసింది. అక్కడి గుమాస్తా కంప్యూటర్లో చూసి, కాగితం అందిందమ్మా, లైసెన్సున్న ఆపరేటర్ సంతకం ఉంది, మంగళ బుధవారాల్లో నమూనాలు తీశారు, అంతా సక్రమంగానే ఉంది అన్నాడు. ఆ మంగళవారం అబద్ధం అని ఆమె గొంతు చించుకుంది. ఫిర్యాదు రాసుకున్నామన్నాడు. సోమవారం మనిషిని పంపుతామన్నాడు.

సోమవారానికి లాడ్జిలో ఎవరున్నారు గనక? సెనేటర్ అతిథులు వచ్చారు, వేటాడారు, అభిప్రాయాలు సేకరించుకుని కొమ్ములతో సహా వెళ్ళిపోయారు. ఇంతకీ వాళ్ళు కుళాయి నీళ్ళు ముట్టుకోనేలేదు. తాగడానికి సీసాలు, గ్లాసుల్లోకి ఐసు పెట్టెలు, ఆఖరికి పళ్ళు తోముకోవడానికి కూడా సీసాలు ట్రేస్ హార్డిన్ పట్నం నుంచి రెండు వ్యాన్లలో తెప్పించి పెట్టాడు. అంటే ఆ నీళ్ళ సంగతి తెలిసే కదా! బోర్డు పెట్టడానికి నామోషీ, సీసాలు తేవడానికి కాదు. కుళాయి నీళ్ళు తాగింది వంటింట్లోవాళ్ళే. ఆదివారం సాయంత్రం నుంచి మార్లిస్, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వాంతులు, విరేచనాలతో పడిపోయారు. అయిదు రోజులు లేవలేదు. మూడు రోజుల కూలీ మందులకే సరిపోలేదు. ఏదో పడని తిండి తిని ఉంటారులే అన్నాడు కాంట్రాక్టరు.

చూడ్డానికి వెర్నా సూపు పట్టుకుని వెళితే, మార్లిస్ దుప్పట్లోంచి గుడ్లురిమి చూసింది.

"నీకు తెలుసు. తెలిసి ఒక్క మాట అని ఊరుకున్నావ్. నా గిన్నె లాగి నేలకేసి కొట్టి చెప్పొద్దూ?"

ఆ నిష్ఠూరం కూడా వెర్నాయే మోసింది.

నలభై మూడో రోజున షట్‌డౌన్ ఎత్తేశారు. సర్కారు ఉద్యోగులకి పాత జీతాలు ఒక్కసారే పడ్డాయి. ఊళ్ళో బారు కిటకిటలాడింది. మాబ్రీ హోదాలోంచి 'తాత్కాలిక' అన్న మాట తీసేసి పూర్తి సూపరింటెండెంట్‌ని చేశారు. వెర్నా జీతం మాత్రం ఆగింది. దాని బదులు విచారణకి హాజరు కమ్మని కాగితం వచ్చింది. అభియోగం చదివి ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు: అధికారం లేకుండా ప్రభుత్వానికి ఉచితంగా రెండు గంటల సేవ అందించుట.

ప్రాంతీయ కార్యాలయం నుంచి వచ్చిన విచారణాధికారిణి చెడ్డ మనిషేం కాదు. సన్నటి కళ్ళద్దాలు పెట్టుకున్న, అలసిపోయిన మనిషి. ఆమెకీ నలభై మూడు రోజులు జీతం లేదట. మొదట వెర్నా మంగళవారం తేదీ సంగతి, జబ్బుపడ్డవాళ్ళ సంగతి మొత్తం ఏకరువు పెట్టింది. అధికారిణి అంతా విని, నిట్టూర్చి, కలం పక్కన పెట్టింది.

"నన్ను పంపింది అక్టోబరు అయిదో తారీఖు ఆదివారం కోసమండీ. మంగళవారం నా పరిధిలో లేదు. ఆ ఫిర్యాదు రాష్ట్రం చూసుకుంటుంది."

"చూసుకుంటుంది. ఎప్పుడో వెన్నెముక మొలిచాక."

అధికారిణి ఆ మాట విననట్టే ఒక కాగితం తీసి ఇచ్చింది. సాక్షి వాంగ్మూలం, మూడు వాక్యాలు. ఆదివారం మధ్యాహ్నం నేను రోడ్డు మీద పోతుండగా వెర్నా టోలెఫ్సన్ వాల్వుల దగ్గర కనబడింది. ఆమె లైను ఖాళీ చేస్తోంది. నేను ఆగలేదు. కింద డ్వేన్ పికెట్ సంతకం.

వెర్నా దాన్ని రెండుసార్లు చదివింది. రోడ్డు మీద పోతుండగానట! తన ట్రక్కు, తన కంప్రెసర్, తన గొట్టాలు, అన్నీ మోసుకొచ్చి పగలబడి నవ్విన మనిషి, నేను ఆగలేదు అని రాశాడు.

"ఖాళీ చేశారా?" అని అడిగింది అధికారిణి.

"చేశాను."

"మైలున్నర లైనుకి గాలి కొట్టే కంప్రెసర్ మీకు లేదు. పార్కు కంప్రెసర్ ఆ రోజు తాళంలో ఉంది. తాళం లేకపోయినా ఒక్కరు ఎత్తగలిగేది కాదు." ఆమె అద్దాలు తీసి కళ్ళు నులుముకుంది. "చూడండి, మీ ఇరవయ్యారేళ్ళ ఫైలు మొత్తం చదివాను. ఒక్క మచ్చ లేదు. మీరు పూర్తిగా సహకరించారని నేను రాయగలిగితే ముప్ఫై రోజుల సస్పెన్షన్‌తో పోతుంది. మీ పద్నాలుగు నెలలు మీరు చేసుకోవచ్చు. ఏదైనా దాచారని తేలితే మాత్రం తొలగింపే, పూర్తి పెన్షన్ పోతుంది. నా చేతుల్లో ఉండదిక." ఆఖరి పేజీ తిప్పి పెట్టింది. "ఈ ఒక్క ప్రశ్నకి మీ చేత్తో జవాబు రాసి సంతకం పెట్టండి."

ఆ సమయంలో మీతోపాటు ఇంకెవరు ఉన్నారు?

ఒక్క పేరు. రెండు ముక్కలు. రాస్తే నిజమే అవుతుంది. ఆ పేరు రాస్తే వాడి వాంగ్మూలం బొంకని తేలుతుంది. అబద్ధపు సాక్ష్యానికి వాణ్ణి రేపే ఇంటికి పంపుతారు. వాడు పోతే వాడి మంగళవారాన్ని కూడా ఎవరో ఒకరు తవ్వుతారు, మాబ్రీ దాకా పాకుతుంది. రాయకపోతే ఆ మాబ్రీగాడు కూడా హాయిగా నిద్రపోతాడు. అది తలుచుకుంటేనే ఆమెకి ఒళ్ళు భగ్గుమంది. కలం పట్టుకుని డి అక్షరం మొదలుపెట్టేదాకా వచ్చింది కూడా.

షేలీన్‌కి ఇప్పుడు ఎనిమిదో నెల. ఉద్యోగంతో పాటు ఆసుపత్రి బీమా పోతుంది. డ్వేన్ మీద ఆమెకి జాలి పిసరంత కూడా లేదు. వాడు ఎదురుపడితే మొహాన ఉమ్మేసేటంత కసి ఉంది. కానీ ఆ కడుపులో ఉన్నది ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఛీ, ఏం బతుకు ఇది, అనుకుంది. తప్పు చేసినవాడి బిడ్డని కూడా తనే కాయాలా? కాయకపోతే ఇంకెవరు కాస్తారు?

'ఎవరూ లేరు' అని రాసింది. కింద సంతకం పెట్టింది.

అధికారిణి ఆ రెండు మాటలు చదివి కాగితం మళ్ళీ ఆమె వైపు తిప్పింది. "ఇంకోసారి ఆలోచించుకుంటారా?" అంది మెల్లిగా.

"వద్దు."

"నమ్మమంటారా నన్ను?"

"మంగళవారాన్ని నమ్మారుగా," అని వెర్నా కోటు తీసుకుని బయటికి వచ్చింది.

పార్కింగ్‌లో సర్కారు ట్రక్కుకి ఆనుకుని డ్వేన్ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, చెవులు చలికి కమిలిపోయాయి. ఆమెని చూసి రెండడుగులు ముందుకేసి ఆగాడు.

"ఏం రాశావ్?"

ఆమె కారు తాళాలు వెతుక్కుంటోంది.

"నా పేరు రాశావా? వాళ్ళు బలవంతపెట్టారు బాస్. నా అంతట నేను కాదు. మాబ్రీ ఎదురుగా కూర్చోబెట్టి..."

"ఒక్కదాన్నే చేశానని రాశాను."

డ్వేన్ అంత మనిషీ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"ఇరవయ్యారేళ్ళలో తప్పుడు కాగితం మీద సంతకం పెట్టడం ఇదే మొదలు, ఇదే ఆఖరు," అంది వెర్నా. "నీకోసం పెట్టాననుకుంటున్నావేమో. కాదు. నువ్వు నా కళ్ళ ముందు మట్టిలో కలిసినా నాకు చీమ కుట్టదు."

"వెర్నా..." అతను ఒక అడుగు ముందుకేశాడు. "నీ రుణం ఎట్లా..."

"నోరెత్తావంటే చూడు! ఒక్క మాట, ఒక్క కృతజ్ఞత మాట నీ నోట్లోంచి వచ్చిందంటే, ఇప్పుడే లోపలికెళ్ళి ఆ కాగితం చింపి నీ పేరు రాసొస్తాను."

డ్వేన్ నోరు మూసుకున్నాడు. ఆమె కారు గేటు దాటేదాకా మళ్ళీ తెరవలేదు.